ఆరుబయట కలప సామాను పరిరక్షణ

ఇంటి లోపల వాడుటకు తయారుచేసిన కుర్చీలు, బల్లలు, మంచాలు మొదలైన కలప సామానును వరండాలో, మేడపైన లేదా పెరటిలో ఉంచినపుడు వాన, ఎండ, మంచు వలన పాడవకుండా తీసుకొనే చర్యలను ఆరుబయట కలప సామాను పరిరక్షణ అనవచ్చును. ఇందులో రెండు భాగాలు కలవు: నీరు చెక్కలోనికి పోకుండా చూచుట, పోయిన నీరు త్వరగా ఆరేటట్లు చూచుట. రెండవదానిని విస్మరిస్తే మొదటిది ఎక్కువ కాలం పనిచేయదు.

చెక్కపై తేమ ప్రభావం

చెక్క తన చుట్టూ ఉన్న గాలిలోని తేమను పీల్చుకొంటూ, విడుస్తూ ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్నపుడు చెక్కలో సుమారు 12 శాతం, 90 శాతం ఉన్నపుడు సుమారు 20 శాతం తేమ నిలుస్తుంది. తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పొడవులో మార్పు అత్యల్పం. అందువలన వానాకాలంలో సొరుగులు బిగుసుకుపోతాయి, వేసవిలో పలకలు నెర్రెలిస్తాయి, కుసులు వదులవుతాయి. తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిచిన చెక్కకు శిలీంధ్రాలు పట్టి అది చివికిపోతుంది.

ఎండ ప్రభావం

సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. వాన ఆ పదార్థాన్ని కడిగివేయగా చెక్క బూడిద రంగుకు మారుతుంది.

కలప రకాలు

టేకు చేవలో సహజమైన నూనెలు ఉండుటవలన అది చాలాకాలం మన్నుతుంది. అదే చెట్టు యొక్క వెలుపలి తెల్లచెక్కకు ఈ గుణం లేదు. మామిడి, రబ్బరు చెక్కలు ఆరుబయట త్వరగా పాడవుతాయి. పార్టికల్ బోర్డు నీటికి ఉబ్బి విడిపోతుంది. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికించిన ప్లైవుడ్ కంటే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసినది తేమకు బాగా తట్టుకొంటుంది.

రక్షణ పద్ధతులు

* లక్కతో చేసే ఫ్రెంచి పాలిష్ నీరు తగిలితే తెల్లబారుతుంది. దానిని ఉప్పు కాగితంతో తొలగించి, ఆరుబయటకు పనికివచ్చే వార్నిష్ లేదా రంగు పూయాలి. రంగు ఎండను కూడా అడ్డుకొంటుంది.
* పూత వేయుటకు ముందు చెక్క పూర్తిగా ఆరి ఉండాలి. తడి చెక్కపై వేసిన పూత పొక్కి ఊడిపోతుంది.
* అడ్డంగా కోసిన చివరలు నీటిని ఎక్కువగా పీలుస్తాయి. కావున కాళ్ళ అడుగు భాగానికి, బల్ల అడుగు వైపుకు కూడా పూత వేయాలి.
* కాళ్ళ క్రింద రాతి లేదా రబ్బరు దిమ్మలు ఉంచితే నిలిచిన నీరు, చెదలు దరిచేరుట తగ్గుతుంది.
* ఇనుప మేకులు టేకులోని టానిన్‌తో కలిసి నల్లని మరకలు కలిగిస్తాయి. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలు శ్రేష్ఠం.

జాగ్రత్తలు

సామానును ప్లాస్టిక్ పట్టాతో గాలి ఆడకుండా చుట్టివేస్తే లోపలి తేమ బయటకు పోక బూజు పడుతుంది. పట్టాను పైభాగంలో మాత్రమే కప్పి, ప్రక్కలు తెరచి ఉంచాలి. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను కుప్పగా వేస్తే వాటంతట అవే వేడెక్కి మండే ప్రమాదం ఉన్నది. వాటిని విప్పి పరచి ఆరబెట్టాలి. ఏ పూతయైనా తేమను ఆలస్యం చేయునే గాని పూర్తిగా ఆపలేదు. కనుక ఏటా వర్షాకాలానికి ముందు పూతను పరిశీలించి, పగిలినచోట మరల వేయాలి. కోస్తా ఆంధ్రలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు కూడా వానలు, తుఫానులు వచ్చుటచే, ఆ మాసాలలో తేలికపాటి సామానును ఇంటి లోపలికి చేర్చుట ఉత్తమం.