వాతావరణ సభలతో రైతుకు ఒరిగేదేమిటి?

ఏటా చలికాలం మొదట్లో పేపర్లో ఒక వార్త చూస్తుంటారు. భూతాపంపై ప్రపంచ సభ జరిగింది, రెండు వందలకు దగ్గరగా దేశాలు వచ్చాయి అని. 'మన చేలో వానకీ దానికీ ఏం సంబంధం?' అంటూ పేజీ తిప్పేస్తారు. సంబంధం ఉంది. ఎంతవరకు ఉందో తెలుసుకోవాలి.

1992లో బ్రెజిల్‌లోని రియోలో మొదటి ఒప్పందం కుదిరింది. 2002లో ఈ సభ మన ఢిల్లీలోనే జరిగింది. 2015లో పారిస్‌లో ధనిక, పేద దేశాలన్నీ ఎవరి లక్ష్యం వారు రాసిచ్చేందుకు ఒప్పుకున్నాయి. అప్పట్లో ఈ శతాబ్దం చివరికి భూమి వేడి 3 డిగ్రీలు దాటి పెరుగుతుందనే అంచనా ఉండేది. ఇప్పుడు 3 డిగ్రీలకు కాస్త లోపే అంటున్నారు. సోలార్ పలకలు చవకవడమూ కలిసొచ్చింది గానీ, సభలు వృథా కాలేదు.

మరి లోపం ఎక్కడుంది? అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. ఒకరిద్దరు అడ్డం తిరిగినా మాట మెత్తబడుతుంది. మాట తప్పితే జరిమానా కూడా లేదు. అమెరికా 2020లో పారిస్ ఒప్పందం నుంచి వైదొలిగింది, 2021లో చేరింది, 2025 జనవరిలో మళ్లీ తప్పుకుంటున్నట్లు ప్రకటించింది.

డబ్బు సంగతీ అంతే. 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో మాటిచ్చాయి. వాళ్ల లెక్క ప్రకారమే అది 2022లో గానీ నెరవేరలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పే!

ఇక మన వరి మాట. నీరు నిలిచిన మడి నుంచి మీథేన్ వాయువు వస్తుంది. అదీ భూమిని వేడెక్కిస్తుంది. సేద్యంలో మార్పులు తెస్తామంటూ 2023 దుబాయ్ సభలో చాలా దేశాలు సంతకాలు పెట్టాయి, మన దేశం పెట్టలేదు. ఖర్చు ఎవరిదో తేలకుండా సంతకం పెడితే ఆ భారం చిన్న రైతు నెత్తిన పడుతుంది.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఏ సభా మీ బోరులో నీరు పోయదు. బోరు కింద వరి వేసేవారు నాటిన రెండు వారాల తర్వాత ఆరుతడి పాటించి చూడండి. మడిలో చిల్లుల గొట్టం పాతి, అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వండి. పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వకండి. నీరు, కరెంటు మిగులుతాయి, మీథేనూ తగ్గుతుంది. ముందు ఒక మడిలో చేసి చూసుకోండి. లాభం కనిపిస్తే మిగతా పొలానికి పెంచుకోవచ్చు.