సిక్కోలు నుంచి సింహళ రేవుకు

ఓడ ఎక్కే కుర్రాడికి చార్టు ఒక్కటే చాలదు. దిగబోయే దేశం కూడా తెలియాలి.

పొందూరు స్టేషన్‌లో రైలు దిగితే సముద్రం కనబడదు. రాట్నాల ఊరది. గింజ తియ్యక ముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారిక్కడ. దవడ మీది సన్నటి పళ్ళ మధ్య నుంచి చెత్తా చెదారం రాలిపోయి, చిక్కుపడ్డ పోగులన్నీ ఒక వరుసకు వస్తాయి. ఆ ఓపిక వల్లే వందో నంబరు నూలు సాధ్యమవుతోంది. ఇంత నేలపట్టు పనికి పేరుపడ్డ ఊరున్న ఈ శ్రీకాకుళం జిల్లా నుంచే మర్చంట్ నేవీ ఓడలెక్కే కుర్రాళ్ళకూ కొదవలేదు. విశాఖలో ఓడెక్కి, బంగాళాఖాతం దాటి పడమటికి పోయేవాడికి ముందుగా కనబడే పరాయి తీరం శ్రీలంక.

ఇంటి దగ్గర తల్లి అడిగేది మాత్రం ఓడ గురించి కాదు. ‘‘ఏటి నాయినా, ఆ దేశంలో తిండేటి దొరుకుతాది? జొరమొస్తే ఎవులు సూత్తారు?’’ అంటుంది. నావికులకు అచ్చేసే దేశ సమాచారమంతా ఆ తల్లి ప్రశ్నకు జవాబే.

ఈ సమాచారం రాసిపెట్టుకునే అలవాటు చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నావికుల పుస్తకంలో ఏ రేవులో ఏం కొనాలో, ఏం అమ్మాలో, ఏ గాలికి బయల్దేరాలో ఉంది. మన కృష్ణా తీరపు సన్నబట్టల ప్రస్తావనా, లంక ప్రస్తావనా అందులో కనిపిస్తాయి. తర్వాతి కాలంలో బ్రిటిష్ నౌకాదళం 1795లో హైడ్రోగ్రఫీ శాఖ పెట్టి చార్టులు గీయించింది. ‘పైలట్’ పేరుతో తీరాల పుస్తకాలు వేసింది. నేడు మన చార్టులు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు తయారుచేస్తోంది. లోతు మారినా, దీపం ఆరినా, కొత్తగా ఓడ మునిగినా ‘నోటీస్ టు మెరైనర్స్’లో వస్తుంది. దాన్ని చూసి చార్టు మీద దిద్దుకోవడం నావిగేషన్ ఆఫీసరు పని. దిద్దని చార్టును నమ్ముకుని నడిపిన ఓడకు ఏ మంచి రేవూ రక్షణ ఇవ్వదు.

దారి సంగతి

కళింగపట్నం నుంచి ట్రింకోమలి సుమారు 600 నాటికల్ మైళ్ళు. 12 నాట్ల వేగంతో నడిస్తే రెండు రోజుల పైచిలుకు. పడమటి రేవులకు పోవాలంటే మాత్రం అడ్డదారి లేదు. రామసేతు దగ్గర లోతు చాలక పెద్ద ఓడలు పాక్ జలసంధిలో దూరలేవు. లంక మొత్తాన్నీ చుట్టిరావాల్సిందే. ఆ చుట్టు మలుపే దేవుంద్ర, ఇంగ్లీషు చార్టుల్లో డొండ్రా హెడ్. లంక దక్షిణపు కొస అది. 1890లో వెలిగిన అక్కడి దీపస్తంభం 49 మీటర్ల ఎత్తుతో ఆ దేశంలోకెల్లా పొడవైనది. ఆ కొసకు దక్షిణంగా ఓడల రాకపోకలకు రెండు వేర్వేరు బాటలు గీశారు. తూర్పుకు పోయేవాటికి ఒకటి, పడమటికి పోయేవాటికి ఇంకొకటి. ఆ నీళ్ళలోనే నీలి తిమింగలాలు మేత మేస్తుంటాయి. ఓడ ముక్కు తగిలి చచ్చినవి ఎన్నో ఉన్నాయి. అందుకే కొన్ని కంపెనీలు తమ ఓడల్ని ఇంకా దక్షిణంగా మళ్ళించుకున్నాయి. ఇంత పెద్ద జీవి కోసం కొన్ని మైళ్ళు ఎక్కువ నడవడం నా దృష్టిలో ఖర్చు కాదు.

దేవుంద్రకు తూర్పున గ్రేట్ బేసెస్, లిటిల్ బేసెస్ అనే రాతి దిబ్బలు నీటి మట్టానికి ఇంచుమించు సమానంగా ఉంటాయి. 1873లో ఒకదాని మీదా, 1878లో రెండో దాని మీదా దీపాలు పెట్టారు. 1961లో అక్కడ డైవింగ్ చేసినవారికి ఓ పాత ఓడ శిథిలం, సూరత్ టంకసాలలో అచ్చయిన వెండి రూపాయలు దొరికాయి. మన దేశపు వెండి మూటతో ఎవరు బయల్దేరారో, ఎవరి కోసమో!

గాలి విషయం ఖాయంగా గుర్తుంచుకోవాలి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమటి తీరాన్ని, అంటే కొలంబో, గాలె వైపు సముద్రాన్ని కలచివేస్తాయి. అప్పుడు తూర్పున ట్రింకోమలి ప్రశాంతంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో ఇది తారుమారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లు మనకూ వాళ్ళకూ ఉమ్మడి శత్రువులు. 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ తుపానును చూసిన జిల్లా ఇది, వేరే చెప్పనక్కర్లేదు.

జెండా, కాగితాలు

రేవు దగ్గరకొచ్చేముందే ఏజెంటు ద్వారా సిబ్బంది జాబితా, ఆరోగ్య ప్రకటన, భద్రతా సమాచారం అధికారులకు చేరాలి. ఆరోగ్య అనుమతి కోరుతూ పసుపు రంగు ‘క్యూ’ జెండా ఎగరేయాలి. దాంతోపాటు కుడివైపు తాడుకు శ్రీలంక జెండా. కొత్త డెక్ క్యాడెట్ చేతికి తొలిరోజు వచ్చే పని ఇదే. మడత విప్పి చూడాలి: నాలుగు మూలలా రావి ఆకులు, కుడి కాలితో కత్తి పట్టిన సింహం, తాడు వైపున ఆకుపచ్చ, కాషాయ పట్టీలు. పట్టీలు అటో ఇటో అయినా, సింహం తలకిందులైనా ఆ దేశాన్ని అవమానించినట్టే. చిరిగిన జెండాను, పొగ పట్టి నల్లబడ్డ జెండాను ఎగరేయకూడదు.

ఒడ్డుకు దిగాలంటే షోర్ పాస్ కావాలి. మన సీడీసీ (నావికుడి సేవల పుస్తకం), బయోమెట్రిక్ నావిక గుర్తింపు కార్డు వెంట ఉండాలి. సిబ్బంది మార్పిడి అయితే, ఓడ రేవులోకి రాకుండానే గాలె బయట సముద్రంలో లాంచీ మీద దింపుతారు. అల మీద ఎగిరిపడే లాంచీలోకి నిచ్చెన దిగడం చూడ్డానికి తేలిక. ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెనకే ఉండాలి.

గడియారం తిప్పే పని లేదు. 2006 నుంచి శ్రీలంక కాలమూ మన కాలమూ ఒకటే. బండ్లు ఎడమ వైపే నడుస్తాయి. సింహళం, తమిళం అధికార భాషలు. అంబులెన్సుకు 1990, పోలీసుకు 119. ఆ 1990 అంబులెన్సులు మన దేశం ఇచ్చిన సాయంతో మొదలైనవే. మలేరియా లేని దేశమని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. డెంగ్యూ మాత్రం ఉంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు. ‘పోయ’ అంటారు. ఆ రోజు మద్యం దుకాణాలు తెరవరు. గుళ్ళోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని, చెప్పులు, టోపీ తీసి వెళ్ళాలి. తెల్లబట్టలంటే గౌరవం. పొందూరు ఖాదీ చొక్కా సంచిలో ఒకటి ఉంటే అంతకన్నా సరైన దుస్తులు ఉండవు. బుద్ధుడి విగ్రహానికి వీపు తిప్పి ఫోటో దిగడం ఆ జనానికి గుండెల్లో గుచ్చుకునే పని. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు. ఆ తర్వాత అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది. మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినం. ఎవరిదో సంచి ‘‘కాస్త పట్టుకో తమ్ముడూ’’ అంటే, ఎంత పరిచయస్తుడైనా పట్టుకోకూడదు.

పాత చుట్టరికం

ఇంత జాగ్రత్త చెబుతున్నది పరాయి దేశమని కాదు. సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటను బౌద్ధ గ్రంథాల్లోని దంతపురంగా చాలామంది పండితులు గుర్తించారు. ఒడిశాలో వెతికేవారూ ఉన్నారు. 13వ శతాబ్దపు ‘దాఠావంశం’ ప్రకారం కళింగరాజు గుహశివుడి కూతురు హేమమాల, భర్త దంతకుమారుడితో కలిసి బుద్ధుడి దంతధాతువును జడలో దాచి, తామ్రలిప్తి రేవులో ఓడెక్కి లంక చేర్చింది. 4వ శతాబ్దపు సంగతి. నేడు క్యాండీలోని దళద మాలిగావలో పూజలందుకుంటున్నది ఆ ధాతువేనని అక్కడి విశ్వాసం.

పొలొన్నరువ నుంచి 1187–1196 మధ్య ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగ దేశపు సింహపురంలో పుట్టానని రాయించుకున్నాడు. అతడు చెక్కించిన ‘గల్ పోత’ అనే రాతి పుస్తకం 26 అడుగులకు పైగా పొడవున అక్కడ ఇప్పటికీ ఉంది. శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమే ఆ సింహపురమని చరిత్రకారుల్లో ఒక వాదం. నరసన్నపేట వైపు కొమర్తిలో దొరికిన చండవర్మ రాగిరేకులు సింహపురం నుంచే వెలువడ్డాయి కనుక ఆ వాదాన్ని తోసెయ్యలేం. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలిన చివరి రాజవంశం తెలుగు మూలాలున్న మధుర నాయకులది. దంతధాతువును పెరహెర ఊరేగింపులో చేర్చింది ఆ వంశంలోని కీర్తిశ్రీ రాజసింహుడే. ఆ దేశంలో పాములాడించి, సోదె చెప్పి బతికిన అహికుంటకులు ఇళ్ళలో నేటికీ ఒకరకం తెలుగు మాట్లాడతారు.

నా బాధ ఇక్కడే. కళింగపట్నంలో ఓడలు ఆగడం మానేసి దశాబ్దాలయింది. 2023 ఏప్రిల్‌లో జిల్లాలోని మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు కట్టడం గురించి మాట్లాడుకున్నంతగా ఓడ మీద బతుకు గురించి మాట్లాడుకోం.

ఓడ మీద ఒక నిర్లక్ష్యం ఎక్కడిదాకా పోతుందో శ్రీలంకే చెబుతుంది. 2021 మే 20న కొలంబో బయట లంగరేసిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ కంటెయినర్ ఓడకు నిప్పంటుకుంది. అందులోని నైట్రిక్ యాసిడ్ అప్పటికే కారుతోంది. దాన్ని దింపుకోమని అడిగితే ఖతార్‌లోని హమద్ రేవు, మన హజీరా రేవు ఒప్పుకోలేదు. జూన్ 2న ఓడ మునిగింది. 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు తీరమంతా పరుచుకున్నాయి. తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి, జాలర్ల వేట ఆగిపోయింది. 2025లో శ్రీలంక సుప్రీంకోర్టు వంద కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. అలాంటి సముద్ర తాబేళ్ళే గుడ్లు పెట్టడానికి మన శ్రీకాకుళం ఇసుక మీదకూ వస్తాయి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. పంపే ఏజెన్సీకి నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీ షిప్పింగ్) నావికుల నియామకానికి ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందా? ఉద్యోగమిప్పించడానికి నావికుడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం నిబంధనలకే విరుద్ధం. పొలం తాకట్టు పెట్టించి లక్షలు కట్టించుకునేవాడు ఏ దేశపు ఓడ పేరు చెప్పినా నమ్మొద్దు. ఒప్పందంలో ఓడ పేరు, జీతం, ఎన్ని నెలలు, తిరుగు టికెట్ ఎవరిది అనేవి చదివి సంతకం చెయ్యాలి. ఆ కాగితం నకలు ఇంట్లో ఒకటి ఉంచాలి.

ఇవన్నీ తెలుగులో ఒక్కచోట దొరికే చిన్న పుస్తకం కావాలి. రేవుల మాట, కాలమానం, వాతావరణం, జెండా, ఆచారాలు, ఆసుపత్రి, రాయబార కార్యాలయం, ఇంటికి డబ్బు పంపే దారి ఉంటే చాలు. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఓడ దిగి విశ్రాంతి తీసుకుంటున్న సరంగులు, బోసన్లు జిల్లా అంతా ఉన్నారు. మొదటి పుస్తకం శ్రీలంక మీద రాయమని వాళ్ళను అడగాలి. మూలపేట రేవు తెరిచేలోగా అది అచ్చయి, జిల్లాలోని ప్రతి ఐటీఐకీ, పాలిటెక్నిక్‌కీ చేరాలి.