నీటి మీద రాత కాకూడదంటే

తీరం వెంట సముద్రాన్ని ఎవరు కాస్తారని అడిగితే నేవీ అనో, కోస్ట్ గార్డ్ అనో చెబుతాం. వేట విషయానికొస్తే లెక్క వేరు. రాజ్యాంగం చేపల వేటను రాష్ట్ర జాబితాలో 21వ అంశంగా పెట్టి, ప్రాదేశిక జలాల అవతలి వేటను కేంద్రానికి అప్పగించింది. అంటే ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, సుమారు 22 కిలోమీటర్ల మేర, ఎవరు ఏ వలతో ఎక్కడ వేటాడాలో చూడాల్సింది రాష్ట్ర మత్స్యశాఖ అధికారే. ఆంధ్రప్రదేశ్‌లో ఆయనకు ఆ అధికారమిచ్చింది 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. లైసెన్సులు, తనిఖీలు, జరిమానాలు చూస్తే ఇది పోలీసు పనిలా కనిపిస్తుంది. నిజానికిది పంపకం పని. తీరానికి 8 కిలోమీటర్ల లోపలి నీళ్లు తెప్పలకూ చిన్న పడవలకూ వదిలి, మర పడవలు ఆ అవతలే వేటాడాలన్నది ఇక్కడి నియమం. పెద్ద ఇంజనున్న బోటు ఎంత దూరమైనా పోగలదు. తెప్ప మీద బతికేవాడికి ఒడ్డు దగ్గరి నీళ్లే పొలం. ఈ పంపకం గట్టిగా నిలవకపోతే ఏమవుతుందో విశాఖపట్నం చూసింది. 2022 జనవరిలో రింగు వలల వివాదం ముదిరి మత్స్యకారులు రెండు వర్గాలుగా ఘర్షణ పడ్డారు, పడవలు తగలబడ్డాయి.

నీళ్లలో గీత కనపడదు, వందల కిలోమీటర్ల తీరాన్ని కొద్దిమంది అధికారులు ఎలా కాస్తారన్న ప్రశ్న సహజం. కానీ ప్రతి బోటూ హార్బర్ నుంచో ఒడ్డు నుంచో బయల్దేరాల్సిందే, తిరిగి అక్కడికే రావాల్సిందే. లైసెన్సు, వల రకం, వల కన్ను సైజు అక్కడే చూస్తే నడిసముద్రంలో వెంటబడే అవసరం చాలావరకు తప్పుతుంది. ఇంతకంటే బరువైన అభ్యంతరం కూటి గురించి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపేశారు సరే, కుటుంబం ఏం తినాలి? ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. మిగిలినవారికి రాష్ట్రం భృతి ఇస్తోంది. 2025లో అది 20 వేల రూపాయలు. అయితే బోటు యజమాని పేరు కాగితాల్లో ఉంటుంది, కూలికి వల లాగే కళాసీ పేరు చాలాసార్లు ఉండదు. అందుకే నిషేధాన్ని అమలు చేసే అధికారి అర్హుల జాబితాను కూడా అంతే శ్రద్ధగా రాయాలి. పస్తున్నవాడికి చట్టం చెబితే చెవికెక్కదు. భృతి వేళకు అంది, పెద్ద బోటు మీదా చిన్న పడవ మీదా నియమాలు ఒకేలా అమలైతే, ఆ 8 కిలోమీటర్ల గీతను మత్స్యకారులే కాస్తారు. లేదంటే చట్టం నీటి మీద రాతే.