అరచేతిలో యుద్ధశకటము

తాటికాయలకు పుల్ల గ్రుచ్చి బండిచేసి లాగుకొనుట మన పల్లెల బాలురకు తెలిసిన ఆట. ఆ బండి దొర్లిన చాలును. దాని చక్రము నిజమైన బండిచక్రములో ఎన్నవ వంతని ఎవరును అడుగరు. అది ఆటబొమ్మ. నిజమైన వస్తువు యొక్క భాగములన్నిటిని ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన బొమ్మను నమూనా అందురు. నమూనా చేయువాడు ప్రతి భాగమును కొలిచి చూడవలెను. అట్లు కొలుచునపుడు పుస్తకములో చదివి మరచిన సంగతులు సైతము మనసునకు పట్టును. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము వాడిన ఎం-3 హాఫ్‌ట్రాక్ యొక్క ప్లాస్టిక్ నమూనా ఇందుకు మంచి నిదర్శనము.

హాఫ్‌ట్రాక్ అనగా సగము పట్టాబండి. దీనికి ముందు లారీకి వలె రెండు చక్రములును, వెనుక ట్యాంకునకు వలె రెండు పట్టాలును ఉండును. పట్టా బరువును ఎక్కువ నేలపై పరచును గనుక బండి బురదలోను, ఇసుకలోను సులభముగా దిగబడదు. రష్యా చక్రవర్తి రెండవ నికొలాస్ యొక్క మోటారుబండ్ల శాలలో పనిచేసిన అడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచి ఇంజనీరు, మంచుపై నడచుటకై ఇట్టి రబ్బరుపట్టాను కల్పించెను. తరువాత ఆ పద్ధతిపై సిట్రోయన్ సంస్థ చేసిన బండ్లు 1922-23లో సహారా ఎడారిని దాటెను. అమెరికావారు అట్టి బండ్లను కొని పరీక్షించి, తమ శకటములను రూపొందించుకొనిరి. ఎం-3 నిర్మాణము 1941లో ప్రారంభమయ్యెను.

ఈ శకటము పొడవు సుమారు 6.2 మీటర్లు. చిన్న నమూనాలు సాధారణముగా 72వ వంతు పరిమాణమున చేయబడును. అనగా నమూనా పొడవు 8.6 సెంటీమీటర్లే, అరచేతిలో ఇముడును. పెట్టెలో భాగములన్నియు ప్లాస్టిక్ చట్రములకు అంటుకొనియుండును. మొదట వానిని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. లేనిచో జిడ్డుపై రంగు నిలువదు. పిమ్మట ఒక్కొక్క భాగమును కటింగ్ ప్లేయరుతో వేరుచేసి, మిగిలిన మొటిమలను గరుకు కాగితముతో రుద్దవలెను. దీనికి వాడు జిగురు మామూలు బంక వంటిది కాదు. అది ప్లాస్టిక్ అంచులను కరగించి రెండింటిని ఒక్కటిగా చేయును. కావున కుంచెమొనతో కొద్దిగానే తాకింపవలెను. దాని ఆవిరి హానికరము గనుక గాలి వీచుచోట కూర్చుండి పెద్దల ఎదుట పని చేయవలెను.

ఈ శకటమునకు పైకప్పు లేదు. లోపలి ఆసనములు బయటికి కనబడును. కాబట్టి ప్రక్కగోడలు అతికించుటకు ముందే లోపల రంగు వేయవలెను. క్రొత్తవారు పట్టాలకు వెండిరంగు పూయుదురు. అది పొరపాటు. ఎం-3 పట్టా ఉక్కుతాళ్లు పొదిగిన రబ్బరుతో చేయబడినది. దానికి కాంతిలేని నలుపే తగును.

ఇక గోడలు అతికించునపుడు ఒక చిక్కు ఎదురగును. అచ్చులో ప్లాస్టిక్ చక్కగా పారుటకై పలకలను సుమారు ఒక మిల్లీమీటరు మందమున పోయుదురు. దానిని 72తో హెచ్చింపుడు. నిజమైన శకటమున అది 72 మిల్లీమీటర్ల ఉక్కుగోడ అగును. తొలినాటి షెర్మన్ ట్యాంకు ముందుపలక సైతము 51 మిల్లీమీటర్లే! మరి ఎం-3 ప్రక్కపలక మందమెంత? 6.35 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని 72తో భాగించినచో 0.09 మిల్లీమీటరు వచ్చును. అది మీ నోటుపుస్తకములోని ఒక్క కాగితపు మందము.

ఆ పలక దూరపు తూటాలను, ఫిరంగిగుండ్ల తునకలను కొంతవరకు ఆపగలిగెను గాని, దగ్గరనుండి పేల్చిన మరతుపాకిని ఆపలేకపోయెను. దాని వెనుక డ్రైవరుతో కలిపి 13 మంది కూర్చుండెడివారు. గాయపడినవారికిచ్చు పతకము పేరుతో సైనికులు ఆ బండిని పర్పుల్ హార్ట్ పెట్టె అని చెప్పుకొనిరి.

నేర్పరియైన నమూనాకారుడు కనబడు అంచులను గరుకు కాగితముతో ఓపికగా రుద్ది పలుచన చేయును. ఎంత రుద్దినను కాగితమంత పలుచన కానేరదు. అంతకుముందే ప్లాస్టిక్ విరిగిపోవును. అచ్చట అతడు చేయి ఆపవలసినదే. రంగు వేసి, తెల్లని నక్షత్రపు గుర్తు అంటించిన పిదప నమూనా ఎంతో బలముగా కనబడును. కాని కొలిచి చేసినవాడు ఆ బలమును చూచి మోసపోడు. ఆ ఒక్క కాగితము చాటున కూర్చుండిన 13 మంది అతనికి జ్ఞప్తికి వచ్చుచుందురు.