ఆకాశంలో నిశ్శబ్దానికి వెల

పార్లమెంటు సమావేశాలు ముగిసిన మరునాడు ఢిల్లీ నుంచి హైదరాబాదుకు విమానంలో వెళుతూ ఈ విలేఖరి చూసిన సంఘటన చాలా చిన్నది. ముందు వరుసలో ఒక యువతి, ఆమె ఒడిలో ఏడెనిమిది మాసాల పసివాడు. విమానం కిందికి దిగనారంభించగానే వాడు గుక్కపట్టి ఏడ్వసాగాడు. నడవకు అవతల కునుకు తీస్తున్న పెద్దమనిషి ఒకరు ఉలిక్కిపడి లేచి, “పిల్లలున్నవారిని వేరే కూర్చోబెట్టకూడదా?” అని ఎయిర్ హోస్టెస్‌ను గట్టిగానే నిలదీశారు. ఆమె జవాబు వెతుక్కునే లోపుగా పక్క సీటులోని ముసలావిడ, “చెవులు దిబ్బడ వేశాయి తల్లీ వాడికి. పాలు పట్టు, సర్దుకుంటాడు” అన్నది. పాలు పట్టగానే ఏడుపు ఆగిపోయింది. పెద్దమనిషి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం విమానం దిగిన తర్వాత కూడా ఈ విలేఖరిని వదలలేదు.

ఆ కోరిక కొత్తది కాదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు చోటు లేని ‘నిశ్శబ్ద మండలా’న్ని మలేషియాకు చెందిన ఎయిర్ ఏషియా ఎక్స్ 2013లో ప్రవేశపెట్టింది. అదే ఏడాది సింగపూరుకు చెందిన స్కూట్ కూడా ఆ బాట పట్టింది. మన దేశంలో ఇండిగో 2016లో 1 నుంచి 4 వరకు, 11 నుంచి 14 వరకు గల వరుసలను పన్నెండేళ్ళ లోపు వారికి ఇవ్వబోమని ప్రకటించినప్పుడు పెద్ద దుమారమే లేచింది. 2023లో కొరెండన్ సంస్థ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కురసావ్ ద్వీపానికి వెళ్ళే విమానంలో పదహారేళ్ళు నిండినవారికే ఒక భాగాన్ని కేటాయించి, దానికి 45 యూరోల అదనపు రుసుము పెట్టింది.

ఇలాంటి సీట్లు కోరేవారందరూ పిల్లలంటే గిట్టనివారని నిందించడం న్యాయం కాదు. తెల్లవారితే కోర్టులో వాదించవలసిన వకీలుకు, శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి మరలుతున్న రోగికి రెండు గంటల ప్రశాంతత విలాసం కాదు, అవసరం. మన లోక్‌సభ సందర్శకుల గ్యాలరీలోనికి సైతం చిన్న పిల్లలకు ప్రవేశం లేదు. దానిని ఎవరూ ఆక్షేపించలేదు. అయితే గ్యాలరీకి పోకపోయినా తల్లికి పూట గడుస్తుంది. ప్రయాణం అలాంటిది కాదు.

మొదట అడగవలసింది ఈ ఏర్పాటు వల్ల నిశ్శబ్దం లభిస్తుందా అని. మన దేశీయ మార్గాలలో తిరిగే విమానాలలో అత్యధికం ఒకే నడవ ఉన్నవి. నాలుగవ వరుసకు, అయిదవ వరుసకు మధ్య గోడ లేదు, తలుపు లేదు. అయిదవ వరుసలోని ఏడుపుకు నాలుగవ వరుస హద్దు తెలియదు. ఇక ఏడుపుకు కారణం పెంపకంలోని లోపం కాదు. పైన ఎగురుతున్నప్పుడు విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండే ఒత్తిడికి సమానంగా ఉంటుంది. దిగేటప్పుడు అది పెరుగుతుంది. చెవి మధ్యభాగం నుంచి గొంతులోకి పోయే సన్నని నాళం తెరచుకుంటే గాని లోపలి ఒత్తిడి బయటి దానితో సరిపడదు. పెద్దలు గుటక వేసి సర్దుకుంటారు. పసివానికి గుటక వేయమని ఎవరు చెప్పగలరు? ముసలావిడ ‘పాలు పట్టు’ అన్న మాటలోని శాస్త్రం ఇదే.

పైగా చంటిబిడ్డను ఎక్కడంటే అక్కడ కూర్చోబెట్టడానికి వీలు లేదు. రెండేళ్ళు నిండనివానికి తల్లి ఒడే సీటు. అదనపు ఆక్సిజన్ మాస్కు ఉన్నచోటనే వారిని కూర్చోబెట్టాలి. అత్యవసర ద్వారాల వరుసలు పిల్లలకు నిషిద్ధం. దూరప్రయాణపు విమానాలలో పసివాళ్ళ తొట్టెను అడ్డుగోడకు బిగిస్తారు. కాబట్టి ఆ గోడ ముందున్న సీట్లే తల్లులకు కావాలి. భద్రత కోసం గీసిన గీతలను ఎవరూ కాదనరు. సౌఖ్యం కోసం కొత్త గీతలు గీయబోయే ముందు తల్లికి మిగిలేదేమిటో లెక్క చూడవలసి ఉన్నది.

విమానం ఎక్కేవారు కూడా మారారు. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్‌లో సిమ్లా - ఢిల్లీ సర్వీసుతో పాటు కడప - హైదరాబాదు సర్వీసు కూడా ప్రారంభమైంది. చంకన బిడ్డతో తొలిసారి విమానం ఎక్కే తల్లి నేడు వింత కాదు. మనవడిని తాతా అమ్మమ్మలకు చూపించడానికి అమెరికా నుంచి పదిహేను, పదహారు గంటలు ప్రయాణం చేసి వచ్చే తెలుగు దంపతులెందరో! అందరూ విమానమెక్కాలని ప్రోత్సహించి, ఎక్కిన తర్వాత బిడ్డను చూసి మొగం చిట్లించడం ఏ మర్యాద?

అసలు కష్టం వేరే ఉన్నది. సీటు ఎంపికకు విడిగా రుసుము పెట్టిన తర్వాత, అది చెల్లించని కుటుంబం చెల్లాచెదురు కావడం మొదలైంది. తల్లి ఒక వరుసలో, ఆరేళ్ళ పిల్ల మరొక వరుసలో! అందుకే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 ఏప్రిల్‌లో, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అదే టిక్కెట్టుపై ప్రయాణించే తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని విమాన సంస్థలను ఆదేశించింది. తల్లి పక్కన కూర్చునే భాగ్యం బిడ్డకు దక్కడానికి కూడా ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చిందన్నమాట!

వెలివేయకుండానే ఇరుపక్షాలకూ మేలు చేసే మార్గాలు లేకపోలేదు. రెండేళ్ళ లోపు బిడ్డలు కూర్చునే సీట్లను టిక్కెట్టు కొనేటప్పుడే బొమ్మ గుర్తుతో చూపించే పద్ధతిని జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రవేశపెట్టింది. నిశ్శబ్దం కోరేవారు దూరంగా సీటు ఎంచుకుంటారు. తల్లిని ఎవరూ లేవగొట్టరు. మన రైల్వేలు 2022లో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు పసిబిడ్డ కోసం చిన్న బెర్తును జోడించి ప్రయోగం చేశాయి. బిడ్డను దూరం జరపడానికి బదులు బిడ్డకు చోటు కల్పించే ఆలోచన అది.

మన రాజ్యాంగం 15వ అధికరణం వివక్షను నిషేధిస్తూ చెప్పిన కారణాలలో వయస్సు లేదు. కాని అదే అధికరణం మూడవ ఖండం స్త్రీలకు, బాలలకు ప్రత్యేక సదుపాయాలు కల్పించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నిశ్శబ్దపు వరుసలను అమ్ముకోదలచిన సంస్థలు అమ్ముకోవచ్చు. అయితే ముందుగా తల్లీబిడ్డలకు తగిన చోటు చూపించి, ఆ తర్వాత మిగిలిన దానిని అమ్ముకోవాలి. ఉత్తర్వు అమలును నిరంతరం కనిపెట్టి ఉండవలసిన బాధ్యత మంత్రిత్వశాఖది. ఇక మనం చేయవలసింది స్వల్పం. ఏడ్చి ఏడ్చి మాటలు నేర్చినవాళ్ళమే గదా మనమందరమూ!