అవ్వ మతిమరుపు – నూనెల సంగతి



సంక్రాంతి సెలవులకు నల్లమలలోని మా గూడేనికి పోతే మా అవ్వ నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నది. నాకు ఏడుపొచ్చింది. అడవిలో ఏ గడ్డ ఎక్కడ దొరుకుతుందో నాకు నేర్పింది ఆమే. ఇప్పుడు వాగు కాడ నుండి ఇంటికి దారి మరిచిపోతాంది. గాలి సోకిందని కొందరన్నారు. చేపనూనె మాత్రలు మింగితే నయమైతుందని ఒకాయన చెప్పినాడు. మా నాయన మేకను అమ్మి అయినా కొంటానన్నాడు. నేను హాస్టలుకు వచ్చి సైన్సు మేడమ్ గారిని అడిగినాను. ఆమె చెప్పినది, లైబ్రరీలో చదివినది కలిపి రాస్తున్నాను.

ఇది గాలి కాదు, జబ్బు. దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా వచ్చేది అల్జీమర్స్. జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ 1906లో దీనిని మొదట వివరించినాడు. 2023లో వచ్చిన లెక్క ప్రకారము మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నది.

మెదడుకూ నూనెకూ ఏమి సంబంధం? నీళ్లు తీసేసి చూస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే. కొన్ని కొవ్వులను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. అవి ఒమేగా-6, ఒమేగా-3 అని రెండు రకాలు. మన కర్నూలు, కడప వైపు ఎక్కువగా పండే బుడ్డల నూనెలో ఒమేగా-6 బాగా ఉంటుంది, ఒమేగా-3 దాదాపు ఉండదు.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వాచి, మండుతుంది కదా! అది ఒళ్లు చేసే కాపలా. పని అయిపోతే తగ్గాలి. మెదడులో కూడా మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి, అవి చెత్తను ఊడుస్తాయి. అల్జీమర్స్ లో ఒక రకం ప్రోటీను చెత్త పేరుకుంటుంది. కాపలా కణాలు దాని మీద పడి, ఆ మంట ఆగక మంచి కణాలు కూడా పాడవుతాయి. మంటను లేపే పదార్థాలు కొన్ని ఒమేగా-6 నుండి, ఆర్పేవి కొన్ని ఒమేగా-3 నుండి తయారవుతాయి. రెండూ కావాలి. కట్టెలు తెచ్చేవాళ్లే ఉండి నీళ్లు తెచ్చేవాళ్లు లేకుంటే ఎట్లా?

మరి ఆ మాత్రల సంగతి? అమెరికాలో చికాగో నగరంలో 815 మంది ముసలివాళ్లను కొన్నేళ్లు గమనించినారు. వారానికి ఒకసారైనా చేప తిన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు 60 శాతం తక్కువని 2003లో రాసినారు. అయితే చేప తినేవాళ్లకు వేరే మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు, కాబట్టి చేపే కారణమని గట్టిగా చెప్పలేము. అప్పటికే జబ్బు వచ్చిన 402 మందితో ఇంకొక పరీక్ష చేసినారు. 18 నెలలు కొందరికి ఒమేగా-3 మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు ఇచ్చినారు. రెండింటికీ తేడా లేదని 2010లో తేలింది.

అందుకే నాయనకు జాబు రాసినాను: "మేకను అమ్మొద్దు. అవ్వను పెద్దాసుపత్రికి తీసుకుపో. బి-12 విటమిను తక్కువైనా, థైరాయిడ్ సరిగా లేకపోయినా మతిమరుపు వస్తుందంట. అట్లాంటిదైతే మందుతో తగ్గొచ్చు."

అవ్వకు మాత్రలు పని చేయకపోయినా మనకు తిండి ముఖ్యమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒకే నూనె కాక మార్చి మార్చి వాడమంటుంది. చేపల్లో, అవిసెల్లో, ఆవాల్లో ఒమేగా-3 ఉంటుంది. గంగవాయిలాకులో కూడా బాగా ఉన్నదని 1986లో శాస్త్రజ్ఞులు రాసినారు. ఆకుల్లోని రకాన్ని ఒళ్లు మెదడుకు కావలసిన రకంగా కొంచెమే మార్చుకుంటుంది, చేపలో అది నేరుగా దొరుకుతుంది.

వార్డెను మేడమ్ గారికి ఒక మనవి. మన కుళాయి కాడ గంగవాయిలాకు ఊరికే పెరుగుతాంది. పీకి పారేయకుండా పప్పులో వేయించగలరు. మేమే కడిగి ఇస్తాము.

స్నేహితులారా, మీ ఇంట్లో ముసలివాళ్లు మరిచిపోతే నవ్వొద్దు. దయ్యమని తిట్టొద్దు. మీ పేరు ఇంకోసారి చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని