రాతి మెట్లపై పాట

తార్నాక కూడలినుండి ఉస్మానియా ప్రాంగణమునకు పోవు దారిలో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలదు. 1958లో ఆంగ్లభాషాబోధనకై వెలసి, తరువాత ఇతరదేశ భాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆ సంస్థయందు స్పానిష్ భాషను కోరి నేర్చి పట్టము పుచ్చుకొను యువతీయువకులు గలరు. అదే భాషను, అది తమ యింటి భాష యగుటచే బడిలో మాటాడి, ఆ మాత్రమునకే దెబ్బలు తిన్న పిల్లలు టెక్సాసు, కాలిఫోర్నియా సీమలలో గత శతాబ్దము నడిమి వరకును ఉండిరి.

లాటిన్ అమెరికా దేశములనుండి వచ్చినవారును, 1848లో మెక్సికో నేలలో గొప్ప భాగమును అమెరికా కలుపుకొన్నప్పుడు కదలకయే పరదేశీయులైన వారి సంతతివారును ఆ దేశమున లాటినోలని వ్యవహరింపబడుదురు. వారిలో మెక్సికో మూలము గలిగి హక్కుల కొరకు లేచిన తరము తన్ను తాను చికానో యని చెప్పుకొన్నది. 1965లో డెలానో ద్రాక్షతోటల కూలీలు, మొదట ఫిలిప్పీనులవారు, వారి వెంటనే సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తాల నాయకత్వమున మెక్సికనులు, సమ్మె కట్టినప్పుడు, లూయిస్ వాల్డెజ్ అను యువకుడు ఆ కూలీలనే నటులనుగా జేసి, లారీ వెనుకతట్టునే రంగస్థలముగా గొని, ‘యజమాని’, ‘కూలి’ అని వ్రాసిన అట్టముక్కలను పాత్రల మెడలలో వ్రేలాడదీసి, చిన్న చిన్న ప్రహసనము లాడించెను. ఎల్ తియేత్రో కాంపెసీనో, అనగా రైతుకూలీల నాటకశాల, అట్లు పుట్టినది. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ పాఠశాలల విద్యార్థులు వేలకొలది తరగతులు విడిచి వీధికెక్కిరి. 1970లో శాన్ డియెగో నగరమున, వంతెన నిర్మాణము కొరకు ఇండ్లు పోగొట్టుకొన్న పేటవారు, తమకు ఉద్యానముగా నిచ్చెదమన్న స్థలమున పోలీసు కచేరి కట్టబూనుట చూచి ఆ నేలను ఆక్రమించి, కొలది యేండ్లకు ఆ వంతెన స్తంభములనే తమ చరిత్రను చిత్రించు ఫలకములుగా మార్చుకొనిరి.

ఈ వృత్తాంతమును చదువు తెలుగువానికి ఇందలి పేర్లే కొత్త. తక్కినదంతయు ఎచ్చటనో చూచినట్లే యుండును. ఎచ్చటనో కాదు, తార్నాకనుండి ఆర్ట్స్ కళాశాల వరకు గల ఆ మైలు, మైలున్నర దారిలోనే చూచినది. ఇచ్చటివారు అచ్చటివారిని అనుకరించిరనుటకు నేను సాహసింపను. ఇరువురకును ఒకే అవసరము కలిగినదనుట చాలును.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ప్రారంభమైనప్పుడు దానికి ఉర్దూ బోధనభాష. తర్జుమా శాఖను ప్రత్యేకముగా నెలకొల్పి, గణితము మొదలు వైద్యము వరకు శాస్త్రగ్రంథములను దేశభాషలోనికి దెచ్చి, ఆంగ్లమాధ్యమము లేకయే ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించిన ఆ సాహసమును నేడు మనము తగినంతగా తలంచుట లేదు. అయినను అదే సంస్థానమున తెలుగు, మరాఠీ, కన్నడములు మాటాడు బహుజనులకు ఆ దేశభాష తమ యింటి భాష కాదు. కావున మేలును, అన్యాయమును ఒకే పునాదిపై లేచినవి. బెల్జియము దేశస్థుడగు ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా, గులాబి ఛాయ గల గ్రానైటు శిలలతో నిర్మితమై, ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో తలుపులు తెరచెను. అంతకు ఒక యేడు ముందే, వసతిగృహములలో వందేమాతర గీతము పాడిరని విద్యార్థులను వెలివేయగా, వారిలో అనేకులు నాగపురము పోయి చదువు ముగించుకొనిరి, పి.వి.నరసింహారావు వారిలో నొకడు. ఆ ఉర్దూ చదువుల నీడనే పెరిగిన మఖ్దూం మొహియుద్దీన్, మెదకుసీమ అందోలులో పుట్టి, ప్రేమగీతమును పోరాటగీతమును ఒకే కంఠమున పలికించి, తెలంగాణ సాయుధపోరాటపు రోజులలో అజ్ఞాతమున కేగెను. పాటకు శిక్ష పడుటయు, పాటవాడు అజ్ఞాతమున దాగుటయు ఈ ప్రాంగణమునకు నాటినుండియు పరిచితములే.

1969 నాటి తెలంగాణ ఉద్యమమున ఈ విద్యార్థులే ముందు నిలిచిరి. మూడు వందలకు పైబడినవారు కాల్పులలో కూలిరని ఉద్యమకారులు చెప్పుదురు. వారి స్మృతికై గన్‌పార్కులో నిలిచిన స్తూపము శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతిపని. ఊరేగింపులు, శపథములు నేటికిని అచ్చటినుండియే మొదలగుట చూచినప్పుడు, శిల్పము కళాప్రదర్శనశాలలో నుండుటకంటె కూడలిలో నుండుటయే దానికి సార్థక్యమేమో యనిపించును.

1972 ఏప్రిల్ 14వ తేదీన, భౌతికశాస్త్ర పరిశోధకుడును, విద్యార్థినాయకుడును అగు జార్జిరెడ్డి ఇంజనీరింగు కళాశాల వసతిగృహమున హత్యకు గురి యయ్యెను. ఆ మరణముతో ప్రాంగణ రాజకీయముల స్వరూపమే మారినది. ఆ యేటనే, అల్వాలు నివాసి బి.నర్సింగరావు చొరవతో నడచుచున్న కళాభిమానుల బృందము విప్లవ కళాబృందమగు జననాట్యమండలిగా రూపొందినది. అందు చేరిన గుమ్మడి విఠల్‌రావును లోకము గద్దరని ఎరుగును.

గద్దరు 1949లో తూప్రానులో దళితకుటుంబమున జన్మించి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదువు మొదలిడి మధ్యలో విడిచి, కొంతకాలము బ్యాంకు ఉద్యోగము చేసి, 1984లో దానిని గూడ విడిచెను. గోచి బిగించి, గొంగడి భుజమున వైచి, కాలికి గజ్జెయు చేతికి కర్రయు దాల్చి రంగమెక్కిన ఆయన కొత్త బాణీల కొరకు ఎచ్చటను వెదకలేదు. ఒగ్గుకథ, బుర్రకథ, నాట్లు వేయు స్త్రీల పాట, బిడ్డను నిద్రపుచ్చు జోలపాట, ఇవన్నియు ఊరియందే సిద్ధముగా నుండెను. వాల్డెజ్ లారీయెక్కి చేసినదియు ఇదియే కదా! కూలివాని హాస్యమును, కూలివాని వెక్కిరింతను కూలివానికే తిరిగి యిచ్చుట. అయితే ఒక భేదము కలదు. వాల్డెజ్ కొన్ని యేండ్లకు సమ్మెనుండి విడివడి నాటకశాలలకును, చలనచిత్రములకును పోయెను. గద్దరు 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రమున కనిపించినను, ఆ పిమ్మట అజ్ఞాతమునకే పోయెను. 1997 ఏప్రిల్ 6న దుండగులు కాల్చిన తూటాలలో నొకటి ఆయన వెన్నునందే నిలిచిపోయినది. 2023 ఆగస్టు 6న మరణించువరకును దానిని మోసెను. కళాకారుడు రాజకీయమున ఎంతవరకు పోవలెనను చర్చ గద్దరు విషయమున ఎన్నటికిని తెగదు. ఆయన చివరి రోజుల ఓటు రాజకీయములు మిత్రులకే కొరుకుడు పడలేదు. ఆయన పాటలవలన తెలంగాణ పల్లెమాట సభాగౌరవము పొందినదనుటలో మాత్రము నాకు సందేహము లేదు.

ఈ చరిత్రను పురుషుల పేర్లతోనే చెప్పి ముగించుట మన అలవాటు. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రధానముగా గూడి ప్రగతిశీల మహిళాసంఘమును స్థాపించి, వీధులలో ఆడపిల్లలపై సాగు వేధింపులపైనను వరకట్నముపైనను పోరాడిరి. మరుసటి యేట అత్యవసరపరిస్థితి వచ్చిపడగా వారిలో పలువురు చెఱసాల చూచిరి. 1978లో, విశ్వవిద్యాలయమునకు కూతవేటు దూరమున నున్న నల్లకుంట పోలీసు ఠాణాలో ఒక నిరుపేద ముస్లిము స్త్రీపై అత్యాచారము జరిగి, ఆమె భర్త హతుడు కాగా నగరమంతయు అట్టుడికెను. ఆ సంవత్సరమే వెలసిన స్త్రీశక్తి సంఘటన, తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలను వెదకి, వారి యింటిముంగిటనే కూర్చుండి, వారి మాటలను వారి మాటలుగానే లిఖించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను ప్రచురించెను. తుపాకి పట్టిన స్త్రీలు పోరాటానంతరము వంటయింటికి మరలింపబడిన విధమును ఆ గ్రంథము కోపము లేకయే చెప్పును. కోపము చదువరికి వచ్చును.

1985లో ఆరంభమైన అన్వేషి యను స్త్రీవిషయక పరిశోధనకేంద్రము చిరకాలము ఈ ప్రాంగణమునందలి క్వార్టర్లలోనే నడచినది. తార్నాకవైపు విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించిన సూసీ తారు, ఉద్యమమునుండి వచ్చిన కె.లలిత కలసి సంపాదించిన, భారతీయ స్త్రీల రచనల రెండు బృహత్సంపుటములు 1991, 1993 సంవత్సరములలో న్యూయార్కున వెలువడినవి. అదే అన్వేషిలో పనిచేసిన గోగు శ్యామల, 2003లో ‘నల్లపొద్దు’ పేర దళితస్త్రీల సాహిత్యమును ఒకచోట గూర్చి, అంతవరకు స్త్రీవాదమని చెప్పబడుచున్నదానిలో తమ తల్లులు ఎచ్చట నున్నారని సూటిగా అడిగెను. 1987లో టెక్సాసు సరిహద్దుసీమకు జెందిన గ్లోరియా అన్సాల్దువా, స్పానిషును ఆంగ్లమును కలగలిపి వ్రాసిన గ్రంథమున చికానో పురుషులను, తెల్లస్త్రీవాదులను ఇట్లే అడిగియుండెను. ఆ యిరువురి ప్రశ్నలును బయటివారికంటె లోపలివారికే ఎక్కువ బాధ కలిగించినవి; నా దృష్టిలో ఇట్టి ఉద్యమముల ఆరోగ్యమునకు అదియే గీటురాయి.

గత శతాబ్దపు చివరి దశాబ్దమున తెలుగు కవిత్వమంతయు ఇట్టి ప్రశ్నలతోనే నిండినది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, మరుసటి యేట ‘పదునెక్కిన పాట’ దళితకవుల గొంతు వినిపింపగా, 1998లో ‘జల్‌జలా’ ముస్లిము కవులను ఒక్కతాటిపైకి దెచ్చినది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా ప్రాంగణమున దళితవిద్యార్థులు గొడ్డుమాంసమును బహిరంగముగా వండి వడ్డించిన పండుగ ఘర్షణలకు దారితీసినది. ఏమి తినుచున్నామన్నది ఎవరమన్న ప్రశ్నలో భాగమని వారి వాదము. వసతిగృహపు వంటశాలలో ఎవరి రుచులకు తావున్నదో గమనించినవారికి ఆ వాదము వింతగా తోచదు.

ఇక యాస సంగతి. దశాబ్దములపాటు తెలుగు చలనచిత్రములలో తెలంగాణ మాట రౌడీకిని, సేవకునికిని, నవ్వులాటకును మాత్రమే పనికివచ్చినది. కోస్తా జిల్లాల నుడికారమును ప్రమాణముగా నెంచు పాఠ్యపుస్తకములను చదివి తార్నాక బస్తీలలో గదులు తీసికొన్న పల్లెపిల్లలు తరగతిలో నోరు తెరచుటకు జంకెడివారు. 2002లో కామారెడ్డిలో మొదలైన, ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు ఆటపాటల సభలగు ధూంధాం కార్యక్రమములు ఆ జంకును వదలించినవి. రసమయి బాలకిషన్, గోరటి వెంకన్న, విమలక్క మొదలగువారు ఏ మాటకు వెక్కిరింత దక్కెనో ఆ మాటతోనే జనమును ఉఱ్ఱూత లూగించిరి. అంతకు ముందే ఆ దారికి మూల్యము చెల్లించినవారును గలరు: భువనగిరి ప్రాంతపు నూలుమిల్లు కార్మికురాలును, గాయనియునగు బెల్లి లలిత 1999లో అతిక్రూరముగా చంపబడెను.

2009 డిసెంబరునుండి ఆర్ట్స్ కళాశాల ముంగిలి ప్రత్యేక తెలంగాణ ఉద్యమమునకు రాజధాని యయ్యెను. 2010 జనవరి 3న జరిగిన విద్యార్థిగర్జన సభకు జనము ప్రాంగణము పట్టక వెల్లువెత్తిరి. లాఠీలకును, బాష్పవాయువునకును తాళలేక పరుగెత్తిన విద్యార్థులకు ప్రాంగణపు ప్రహరీని ఆనుకొనియున్న మాణికేశ్వర్‌నగర్ ఆశ్రయ మిచ్చినది. జనులు దానిని వడ్డెర బస్తీ యందురు. రాళ్లు కొట్టి బ్రతుకువారి పేట. భవ్యమైన ఆ శిలాభవనపు చరిత్రలో ఈ బస్తీకి ఒక పేజీయైనను లేకుండుట విచారకరము. ఆ నెలలలో అన్నము పెట్టినవారు వారే.

ఆ ఉద్యమసభలలో వినవచ్చినది అందెశ్రీ రచించిన తెలంగాణ గీతము. బడి మొగము చూడక, పశువులు కాచి, తాపీపని చేసి, ఆశువుగా పాట కట్టుట నేర్చిన ఆయన గీతమును, 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడిన పిమ్మటను ప్రభుత్వము పదియేండ్లవరకు అధికారికముగా స్వీకరింపలేదు. 2024లో స్వీకరించినప్పుడు మరియొక వివాదము లేచినది. స్వరరచనను కొవ్వూరువాడగు కీరవాణికి అప్పగించుటేమని తెలంగాణ సంగీతకారులలో కొందరు ఆక్షేపించిరి. ఆ నిర్ణయము కవిదేనని ముఖ్యమంత్రి సమాధానమిచ్చెను. ఆక్షేపించినవారి మనస్తాపమును నేను అర్థము చేసికొనగలను గాని అంగీకరింపలేను. తన పాటకు స్వరము కూర్చువానిని ఎంచుకొను స్వేచ్ఛ కవికి లేనిచో, ఆ కవి కొరకు సాధించిన రాష్ట్రము కవికి ఏమిచ్చినట్లు? అందెశ్రీ 2025 నవంబరులో కన్నుమూసెను.

రాష్ట్రము వచ్చినను ఆర్ట్స్ కళాశాల మెట్లు ఖాళీ కాలేదు. ఉద్యోగ ప్రకటనలు వెలువడలేదని, వెలువడిన పరీక్షలు సక్రమముగా జరుగలేదని, ముప్పది దాటినను వసతిగృహము విడువలేని నిరుద్యోగులు అచ్చటనే కూర్చుండుచు వచ్చిరి. 2025 మార్చిలో విశ్వవిద్యాలయాధికారులు కళాశాలలయందును, పరిపాలనభవనమునందును ధర్నాలు, నినాదములు నిషేధించుచు ఉత్తర్వు వెలువరించిరి. జెండాల రంగులు వేరైన విద్యార్థిసంఘములు పెక్కు దానిని ఖండించినవి. ఆ ఖండన గుర్తుచేసినది 1938నే గాక, 1969నే గాక, ఆ ఉత్తర్వునాటి ప్రభుత్వమునకు, దానికి ముందటి ప్రభుత్వమునకు గూడ అధికారపు దారి చూపిన 2009ని.